కాలనీ పార్కు ఓపెన్ జిమ్: ఏ పరికరం ఎక్కాలి, ఏది వదిలేయాలి

హైదరాబాద్‌లోనైనా విజయవాడ, విశాఖల్లోనైనా కాస్త పెద్ద కాలనీ పార్కు అంటే ఇప్పుడు ఓపెన్ జిమ్ ఉండాల్సిందే. పసుపు, నీలం రంగుల పైపు పరికరాలు ఆరో ఎనిమిదో, పక్కన ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేసిన నడక బాట, కొన్నిచోట్ల గులకరాళ్లు పొదిగిన అక్యుప్రెజర్ దారి. చందా కట్టక్కర్లేదు, చెప్పేవాళ్లూ ఉండరు. వాడేవాళ్లలో యాభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు. కాబట్టి వీటిని ఆసుపత్రి సామాన్లంత జాగ్రత్తగా బేరీజు వేయాలి. ఒక్క ముక్కలో మా తీర్పు ఇది: కదిలే యంత్రాల కన్నా కదలని బార్లు మేలు, వాటన్నిటి కన్నా నీడ ఉన్న నడక బాట మేలు.

కొలబద్దగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు తీసుకున్నాం. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలి. రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. 65 దాటినవాళ్లు వీటితో పాటు వారానికి మూడు రోజులు తూలి పడకుండా నిలదొక్కుకునే కసరత్తులు చేయాలి. పరికరం ఎంత మెరిసినా ఈ మూడింటిలో ఒక్కటైనా తీర్చకపోతే అది స్థలం తినేదే.

ముందుగా ఎయిర్ వాకర్, ఎందుకంటే పార్కులో ఎప్పుడూ ఖాళీ లేనిది అదే. రెండు కాళ్లూ చెరో పలక మీద పెట్టి ఊపితే గాల్లో నడిచినట్టే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, అది లోలకం. ఒకసారి ఊపు అందుకున్నాక పని చాలావరకు ఆ ఊపే చేసేస్తుంది, కండరానికి మిగిలేది తక్కువ. పాదం నేలను తాకదు కాబట్టి నడిస్తే ఎముకకు అందే ఒత్తిడీ అందదు. నడకకు ముందు ఒళ్లు వేడెక్కడానికి, బిగుసుకున్న తుంటి కీళ్లు వదులు కావడానికి 5 నిమిషాలు ఊగితే చాలా బాగుంటుంది. అరగంట ఊగి ఆ రోజు నడక అయిపోయిందనుకుంటే మాత్రం నష్టమే. కాళ్లను సాధ్యమైనంత దూరం చాపడం పందెంలా చేస్తుంటారు. గజ్జల్లో కండరం పట్టేసేది అందుకే. మామూలు అడుగంత దూరం చాలు. దిగేటప్పుడు పలకలు పూర్తిగా ఆగనివ్వాలి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒక్కో కాలూ వెనక్కి దించాలి. ఊపులో ఉండగా ఒక కాలు తీస్తే బరువు తప్పిన పలక తిరిగొచ్చి ముంగాలి ఎముకకు కొడుతుంది. 10కి 5.

గుండ్రంగా తిరిగే పలక మీద నిలబడి నడుము తిప్పే ట్విస్టర్‌కు పొట్ట తగ్గిస్తుందని పేరు. పొట్ట దగ్గరి కొవ్వును అక్కడికక్కడే కరిగించే యంత్రం ఏదీ లేదు. పైగా వెన్నులో నడుము భాగం వంగడానికి బాగా అనువైనదే గానీ మెలి తిరగడానికి అంతగా కాదు. పై ఒళ్లు కడ్డీకి అతుక్కుని ఉండగా కింది భాగాన్ని విసురుగా తిప్పితే ఆ మెలి అంతా నడుము మీదే పడుతుంది. డిస్క్ జారినవాళ్లు, సయాటికా (నడుము నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి) ఉన్నవాళ్లు, ఎముకలు పెళుసుబారినవాళ్లు దీని జోలికి పోకూడదు. 10కి 2.

చేత్తో తిప్పే చక్రం, అంటే షోల్డర్ వీల్, ఒక పనికి పుట్టింది, ఆ పని చక్కగా చేస్తుంది. భుజం పట్టేయడం షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. చేయి పైకి లేవనివాళ్లు చక్రం ఇరుసు తమ భుజం ఎత్తుకు దగ్గరగా ఉన్నవైపు నిలబడి, మొండెం కదపకుండా, నొప్పి మొదలయ్యేచోటు దాకా మాత్రమే నెమ్మదిగా తిప్పాలి. ఇటు 10 చుట్లు, అటు 10 చుట్లు. విసురు పనికిరాదు. ఇది బలమిచ్చే వ్యాయామం కాదు, కీలు కదిలించేది మాత్రమే. పై మూడు కొలతల్లోకి రాకపోయినా, ఆ ఒక్క పని లెక్కన 10కి 8.

చెస్ట్ ప్రెస్, పుల్ డౌన్ రెండూ ఒకే సూత్రం మీద నడుస్తాయి. తోసినా లాగినా మీరు కూర్చున్న సీటే మీతో సహా పైకి లేస్తుంది, అంటే మీ బరువే మీకు బరువు. మొదటి నెలల్లో బాగా పనిచేస్తాయి. బరువు పెంచే వీలు లేదు కాబట్టి కండరం అలవాటు పడ్డాక ఎదుగుదల ఆగిపోతుంది. అప్పుడు చేయగలిగింది వేగం తగ్గించడం: 2 సెకన్లలో తోసి 4 సెకన్లలో వెనక్కి రావాలి, 12 సార్లు, మూడు విడతలు. సీటును ధబ్బున వదిలేయకండి. లోపలి రబ్బరు స్టాపర్ నలిగిపోయేది ఆ దెబ్బకే. కదిలేవాటిలో కాస్త ఎక్కువ మార్కులు ఇవ్వాల్సింది కూర్చుని కాళ్లతో తోసే లెగ్ ప్రెస్‌కి. తొడ ముందరి కండరం బలపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. మెట్లెక్కలేనివాళ్లకు మందులతో పాటు డాక్టర్లు చెప్పేదీ అదే. మోకాలు 90 డిగ్రీల కన్నా ఎక్కువ ముడుచుకునేంత దగ్గరగా కూర్చోకూడదు, కాలు చాపినప్పుడు మోకాలిని పూర్తిగా లాక్ చేయకూడదు.

ఇక ఎవరూ పట్టించుకోని సింగిల్ బార్, డబుల్ బార్, సిమెంటు బెంచీ. బార్లు కుర్రాళ్లవని వదిలేస్తారు. కానీ నడుము ఎత్తున్న బార్‌కు చేతులానించి వాలుగా చేసే పుష్‌అప్ అరవై ఏళ్ల మనిషీ చేయగలరు. బెంచీ మీద చేతులు ఆనకుండా కూర్చుని లేవడం 10 సార్లు చేస్తే లెగ్ ప్రెస్ చేసే పనిలో చాలా భాగం అయిపోయినట్టే. నిలదొక్కుకునే కసరత్తుకు పార్కు యంత్రాల్లో ఏదీ పనికిరాదు, అన్నిటినీ పట్టుకునే ఎక్కుతాం కదా. దానికి బార్ పక్కన నిలబడి ఒంటికాలి మీద 10 సెకన్లు, తర్వాత టైల్ గీత వెంట మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు. తూలితే పట్టుకోవడానికి బార్ ఉంటుంది. తెలంగాణలో 2022 నుంచి ఊళ్లలో, వార్డుల్లో పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో సింగిల్, డబుల్ బార్లకు చోటివ్వడం మంచి ఎంపిక. అరిగే బేరింగ్ లేదు, కిర్రుమనే ఇరుసు లేదు.

నడక బాట విషయంలో లెక్క తేలిక. నిమిషానికి 100 అడుగులు పడితే ఓ మోస్తరు శ్రమ అయినట్టు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. బాట 250 మీటర్లుంటే అరగంటలో 10 చుట్లు, వారానికి ఐదు రోజులైతే 150 నిమిషాలు నిండుతాయి. వెడల్పు 2 మీటర్లు లేకపోతే ఇద్దరు కలిసి నడిచేవాళ్లను దాటే వీలుండక, వేగంగా నడిచేవాళ్లు మట్టిలోకి దిగి కాలు మడత పెట్టుకుంటారు. టైల్స్ బాటకు రెండు జబ్బులు. చెట్టు వేరు కింద నుంచి ఎత్తేసి అంగుళం మేర అంచు లేవడం ఒకటి, ముసలివాళ్లు తట్టుకుని పడేది అక్కడే. వర్షాకాలంలో పాచి పట్టడం రెండోది. పాచికి బ్లీచింగ్ పౌడర్ చల్లి గట్టి చీపురుతో రుద్ది కడగాలి. దిమ్మిసతో బాగా అణిచిన మొరం బాట నడకకు హాయి, కానీ ప్రతి 40 సెంటీమీటర్ల వెడల్పుకు 1 సెంటీమీటరు చొప్పున పక్కకు వాలు ఇవ్వకపోతే జూలైలో బురదే.

అక్యుప్రెజర్ దారి గురించి గట్టిగానే చెప్పాలి. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లు దాని మీద వట్టికాళ్లతో నడవకూడదు. రాయి గుచ్చుకున్నా, ఎండకు కాలినా వాళ్లకు తెలియదు. ఆ చిన్న పుండే ముదిరి వేలు తీసేసేదాకా పోతుంది. ఆ దారి మొదట్లో ఈ హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసిన బోర్డు ఉండి తీరాలి.

పరికరం ఎక్కే ముందు అర నిమిషం పరీక్ష చేయండి. పలక వేలాడే కడ్డీని పట్టుకుని పక్కలకు ఊపండి. కదలిక కొట్టొచ్చినట్టు తెలుస్తుంటే బేరింగ్ అరిగిపోయింది. కిర్రుమంటుంటే లోపలికి నీళ్లు పోయినట్టు. స్తంభం మొదట్లో, ఫ్లాంజ్ (స్తంభాన్ని బోల్టులతో బిగించే అడుగు పళ్లెం) నేలను తాకేచోట రంగు పొరలుగా ఉబ్బితే కింద తుప్పు తింటున్నట్టే. ఫ్లాంజ్ నేల కన్నా 5 సెంటీమీటర్లు ఎత్తులో దిమ్మె మీద ఉంటే అక్కడ వాన నీళ్లు నిలవవు. నల్లరేగడి నేలల్లో తక్కువ లోతు పునాది వేస్తే వానకు ఉబ్బి, ఎండకు కుంగి స్తంభం ఒరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరాల్లో ఉత్త పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) ఉప్పుగాలికి ఆగదు, దాని కింద కరిగిన జింకులో ముంచి వేసే పూత ఉండాలి.

అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ముందు పోయేది పైపు చివరి ప్లాస్టిక్ మూత. పిల్లలు పీకేస్తారు, లేదా ఎండకు పగిలిపోతుంది. నోరు పైకి తెరుచుకున్న పైపులో వాన నీరు చేరి లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది, బయటికి కనపడేసరికి స్తంభం సగం డొల్ల. ఆ నీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో కొత్త దోమలు ఎగిరొస్తాయి. ఆ దోమ కుట్టేది పగటిపూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం, అంటే సరిగ్గా జనం పార్కులో ఉండే వేళ. కొత్త మూత దొరక్కపోతే ఆ నోట్లో ఇసుక నింపి పైన సిమెంటు పూసేయండి, నీరు నిలవదు.

నీడ లేని ఓపెన్ జిమ్ ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిది దాటితే ముట్టుకోలేం. సాయంత్రం వాడకం ఎక్కువ కాబట్టి చెట్లు పడమర, నైరుతి వైపు ఉండాలి. చాలా పార్కుల్లో అందం కోసం గేటు వైపు నాటి ఇటు వదిలేస్తారు. వేప, కానుగ రెండూ ఎండాకాలం ముదిరేలోపే ఆకు మార్చుకుని చిగురేస్తాయి, అందుకే మన ఎండలకు అవే సరి. తురాయి చూడముచ్చటే, కానీ ఎండలు మండే వేళకే ఆకు రాల్చి మోడై నిలుస్తుంది, గాలివానకు కొమ్మ విరుగుతుంది. కోనోకార్పస్ గోడలా నిటారుగా పెరుగుతుంది తప్ప కిందికి నీడ పరవదు.

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నేలనంటి ఉండే చల్లగాలిలో పొగ చిక్కుకుపోయి గాలి నాణ్యత తగ్గుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ 200 దాటితే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆ పూట మానేసి ఎండ పొడ వచ్చాక వెళ్లడం మంచిది. పరికరాలను మెయిన్ రోడ్డు గ్రిల్‌కు ఆనించి పెట్టడం వల్ల ఒగరుస్తూ పీల్చేది బస్సుల పొగే. పార్కు నడిమధ్యకు జరపాలి.

యంత్రాలు కొనే డబ్బుతో ఇంకేం చేయొచ్చో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం చూపింది. అక్కడ 541 ఖాళీ స్థలాల మీద జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. కొన్ని స్థలాల్లో చెత్త తీసి, గడ్డి పరిచి, నాలుగు చెట్లు నాటి, చిన్న కంచె వేశారంతే. ఏమీ చేయని స్థలాల పక్కన ఉండేవాళ్లతో పోలిస్తే చుట్టుపక్కలవాళ్లలో దిగులుగా ఉందని చెప్పేవాళ్లు 41.5 శాతం తగ్గారు. ఇంటికి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు, అంటే ఎకరంపావు పచ్చదనం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం చెబుతుంది. మన కాలనీల్లో మూలనున్న ఖాళీ జాగాలకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

కొత్త సెట్ వస్తోందంటే కాలనీ సంఘం ముందే అడగాల్సినవి: బేరింగులు సీల్డ్‌వా (నీరు, దుమ్ము చొరబడకుండా మూసినవా), విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయి, స్తంభం పైపు మందం ఎంత, కాంక్రీటు పోశాక కనీసం వారం తడిపి ఆ తర్వాతే వాడకానికి ఇస్తారా, మరమ్మతు పూచీ ఎన్నేళ్లు. ఈఎన్ 16630 అనే యూరప్ ప్రమాణం 140 సెంటీమీటర్ల పైబడిన ఎత్తున్నవాళ్లకు మాత్రమే ఈ పరికరాలను ఉద్దేశించింది. అందుకే పిల్లల ఊయలలు, జారుడు బల్ల జిమ్‌కు దూరంగా, మధ్యలో గుబురు కంచెతో ఉండాలి. ట్విస్టర్ బదులు ఇంకో డబుల్ బార్, రెండో ఎయిర్ వాకర్ బదులు నాలుగు కానుగ మొక్కలు, వాటికి మూడేళ్లు నీళ్లు పోసే ఏర్పాటు అడగండి. సాయంత్రం ఆరు తర్వాత ఆడవాళ్లు నడవాలంటే బాట పొడవునా లైట్లు వెలగాలి, టాయిలెట్‌కు తాళం ఉండకూడదు. ఈ రెండూ టెండర్ కాగితంలోనే రాయించుకోవాలి, తర్వాత అడిగితే నిధులు లేవంటారు.