తోలు మగ్గు లోపల ఏ పూత మేలు?

తోలుతో మగ్గు కుట్టడం పెద్ద కష్టమేమీ కాదు. చెప్పుల పని కాస్త తెలిసిన చెయ్యి ఎవరిదైనా కుట్టేస్తుంది. కుట్టాక అది కారకుండా, మెత్తబడకుండా, పోసిన నీళ్లు వగరెక్కకుండా చూసుకోవడంలోనే ఉంది అసలు పని. చెట్టు బెరడుతో పదును చేసిన తోలులో ఊరికే నీళ్లు పోసి ఉంచి చూడండి. కాసేపటికి బెరడు నుంచి తోలుకి పట్టిన వగరు పదార్థం, టానిన్, దిగి నీళ్లు పల్చటి డికాక్షన్ రంగుకి తిరుగుతాయి, మగ్గు బిగువు వదిలేసి పక్కకి ఒరుగుతుంది. అందుకే లోపల పూత తప్పదు. పిచ్, తేనెమైనం, ఎపాక్సీ అని ఇప్పుడు ముఖ్యంగా మూడు దారులున్నాయి. సరిగ్గా పూస్తే మూడూ నీళ్లు ఆపుతాయి. కాబట్టి ఏది ఎంత బాగా ఆపుతుందన్న పోటీ అనవసరం. ఏది చెడినప్పుడు ఎలా చెడుతుందో, దాన్ని మళ్లీ బాగుచేసుకోగలమో లేదో చూసి ఎంచుకోవాలంటాను.

మన పాత మోట బావుల్లో నీళ్లు తోడే తోలు తొండాలకి ఈ గొడవే ఉండేది కాదు. అవి మెత్తగా ఉండాలి, కాస్త కారినా ఆ నీరు బావిలోకే పోయేది, పైగా ఆ నీళ్లు పొలానికి. మగ్గు మాత్రం గట్టిగా నిలబడాలి, నోటికి తగలాలి.

ముందు తోలు సంగతి. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న, బెరడు పదును పెట్టిన తోలే కావాలి. తంగేడు చెక్క, కరక్కాయ వాడి చేసే ఈ రకం తోలుకి మద్రాసు వైపు పాత పేరుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కణ్ణుంచి ఇంగ్లండుకి ఓడల మీద వెళ్లేది. బ్యాగులకీ షూ పైభాగాలకీ వాడే, బెరడుకి బదులు క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు దీనికి పనికిరాదు. తడిపి చెక్క అచ్చు మీద బిగించినా, ఆరాక ఆ ఆకారం నిలవదు.

ఇక పిచ్. పైన్ చెట్టు బంక నుంచి చేసే నల్లటి ముద్ద ఇది. మనవాళ్లు పడవ పలకల సందుల్లో కూరే గుగ్గిలానికి వరసకి అన్నలాంటిది. ఇంగ్లండులో గాజు సామాను అందరికీ అందని రోజుల్లో బీరు దుకాణాల్లో ఇలాంటి తోలు మగ్గులు బాగా తిరిగేవి. నల్లటి మగ్గుని బ్లాక్ జాక్ అనేవాళ్లు, పెద్ద కూజాని బొంబార్డ్ అనేవాళ్లు. లండన్‌లో తోలు సీసాలు చేసేవాళ్లకి సొంత సంఘమే ఉండేది. 1476లో అది కొమ్ముపనివాళ్ల సంఘంలో కలిసింది. 1545లో మునిగిన మేరీ రోజ్ యుద్ధనౌక శిథిలాల్లోనూ తోలు బుడ్లు దొరికాయి. ఇంగ్లీషువాళ్లు బూట్లలో తాగుతారని ఫ్రెంచివాళ్లు తమ దేశానికి వెళ్లి చెప్పుకున్నారని 1635 నాటి ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. ఆ మగ్గుల్ని చూస్తే ఫ్రెంచివాళ్లని తప్పుపట్టలేం.

పిచ్ పూయడం చూడ్డానికి బాగుంటుంది. కరిగించి మగ్గులో పోసి, గుండ్రంగా తిప్పుతూ గోడలన్నిటికీ పట్టించి, మిగిలింది వంపేస్తారు. అడుగు కుట్టు దగ్గర కాస్త ఎక్కువ నిలవనివ్వాలి, ఎందుకంటే కారడం మొదలయ్యేది అక్కడే. చల్లారాక లోపల నల్లరాయిలా మెరుస్తుంది. మొదట్లో తాగేదానికి కొంచెం బంక వాసన పడుతుంది. దీని జబ్బు పెళుసుతనం. చలికాలంలో మగ్గు కింద పడితే లోపల పెంకులు లేచి బీరులో తేలతాయి. అది తగ్గించడానికే చాలామంది కొంచెం తేనెమైనం కలుపుతారు. అయితే మందు కూడా దాంట్లోనే ఉంది: హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే పిచ్ మళ్లీ కరిగి పగుళ్లు పూడుకుంటాయి. ఒక్క మాట, ఘాటు మద్యం పోస్తే మాత్రం బంక కరగడం మొదలవుతుంది. బీరు, నీళ్లు, మజ్జిగ వరకే దీని హద్దు.

తేనెమైనం దారి వేరు. అది పూతలా పైన కూర్చోదు, తోలులోకి దిగిపోతుంది. మగ్గుని కాస్త వెచ్చబెట్టి, నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించిన మైనం పోస్తే, తోలులోంచి సన్నని బుడగలు వరసగా పైకొస్తాయి. బుడగలు ఆగాయంటే కడుపు నిండిందన్నమాట. లేతరంగు తోలు చూస్తుండగానే ముదురు గోధుమరంగుకి మారుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. ఆకారం కోసం తడిపిన మగ్గు పూర్తిగా ఆరకముందే వేడి చూపిస్తే తోలు ముడుచుకుని పెళుసెక్కుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. కొట్లో ‘మైనం’ అని ఇచ్చేది చాలాసార్లు కొవ్వొత్తుల పారఫిన్ అయి ఉంటుంది, అడిగి తీసుకోండి.

తేనెమైనం 62-64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టీ పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కరగడం దాకా కూడా అక్కర్లేదు, రామగుండం మే నెల ఎండకే మైనం మెత్తబడి మగ్గు వేళ్ల కింద నొక్కుకుంటుంది. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద మర్చిపోతే మగ్గు కింద జిడ్డు మడుగు కడుతుంది. పిచ్‌కీ ఈ ఎండ పడదు, అది చలిదేశం సరుకు. కానీ మైనం పోతే మళ్లీ మైనం పోసుకోవచ్చు, అంతకన్నా నష్టం లేదు.

ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి జిగురు. చూస్తే సుఖంగా కనిపిస్తుంది. రెండు సీసాల్లోది సరైన పాళ్లలో కలిపి, బ్రష్‌తో రెండు మూడు పూతలు వేస్తే లోపల గాజు గ్లాసులా ఉంటుంది. వాసన లేదు, కడగడం తేలిక, ఎండకి మైనం కన్నా చాలా నయం. ఆహారానికి పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన రకమే కొనాలి. ముట్టుకుంటే ఆరినట్టున్నా, లోపలంతా గట్టిపడే దాకా ఆ సీసా మీద చెప్పినన్ని రోజులు ఆగాలి. పాళ్లు తప్పితే ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటుంది. దానిలో తాగకూడదు.

దీనితో చిక్కేమిటంటే, తోలు వంగుతుంది, గట్టిపడ్డ ఎపాక్సీ వంగదు. పట్టుకుని నొక్కుతుంటే, కింద పడుతుంటే, కుట్టు వెంబడి వెంట్రుకవాసి పగులు వస్తుంది. పైకి కనపడదు. ఆ సందులోంచి నీళ్లు తోలుకీ పూతకీ మధ్య చేరి, అక్కడే నిలిచి, బూజు పడుతుంది. వాసన వచ్చే దాకా తెలియదు, తెలిశాక చేసేదేమీ లేదు, పారెయ్యాల్సిందే. పిచ్, మైనం మొరాయిస్తే ముందే తెలుస్తుంది. ఇది చెప్పకుండా చెడుతుంది, నాకు నచ్చనిది అదే. వేడికి కూడా ఇది అనుకున్నంత మొనగాడు కాదు. బల్లల మీద పోసే మామూలు రకాలు చాలావరకు 50-60 డిగ్రీలకే మెత్తబడతాయి.

ఇంగ్లండులోనో స్కాట్లండులోనో ఉంటూ చల్లటి బీరు తాగే తెలుగువాళ్లయితే నేను పిచ్ వైపే చూపిస్తాను. హైదరాబాదు, విజయవాడ ఇళ్లలో రోజూ మంచినీళ్లకో మజ్జిగకో అయితే, మనసొప్పకపోయినా ఎపాక్సీయే. గోడ మందంగా, వంగని తోలుతో కుట్టి, కుట్టు మీద పూత ఎక్కువ వేసి, నెలకోసారి వెలుతురులో లోపల చూసుకోవాలి. మొదటిసారి చేతులు పెడుతున్నవాళ్లు మాత్రం మైనంతోనే మొదలుపెట్టాలి, తప్పు చేసినా దిద్దుకోవచ్చు. లోపల ఎపాక్సీ, బయట మైనం కావాలంటే వరస మారకూడదు. మైనం తాగిన తోలుకి ఎపాక్సీ అంటుకోదు, కాబట్టి ముందు ఎపాక్సీ వేసి, అది పూర్తిగా గట్టిపడ్డాకే బయట మైనం రుద్దాలి.

వేడి టీ కోసం అడిగేవాళ్లకి మూడింటిలో ఏదీ చెప్పను. ఇంట్లో ఉన్న స్టీలు గ్లాసు కొలతకి తోలు తొడుగు కుట్టుకోండి. చెయ్యి కాలదు, పూత పని లేదు, గ్లాసు తీసి కడుక్కోవచ్చు.