బయోషాక్ ఇన్ఫినిట్ ముగింపులో ఎలిజబెత్ సంగతి ఎవరూ అడగరేం?

ముందే చెప్తున్నాను, ఇందులో కథ మొత్తం బయటపెడుతున్నాను. ఆడాలనుకునేవాళ్లు ఆడాకే చదవండి.

2013 మార్చిలో ఈ గేమ్ వచ్చినప్పటి నుంచి దీని ముగింపు మీద ఎవరితో మాట్లాడినా మాట మనం ఆడే పాత్ర బుకర్ చుట్టూనే తిరుగుతుంది. బుకర్ నిజంగా చచ్చిపోయాడా, చివర్లో ఆ ఉయ్యాల్లో పాప ఉందా లేదా, కాలచక్రం తెగిందా మళ్లీ మొదలైందా. బొమ్మలు గీసి, బాణాలు పెట్టి మరీ వివరించేవాళ్లున్నారు. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచింది గేమ్‌లో అతని వెంట నడిచే అమ్మాయి ఎలిజబెత్. ఆ నది దగ్గర ఆమె ఏం చేసిందో, అందుకు ఏం పోగొట్టుకుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఒక గేమ్ నన్ను ఇంతగా కదిలించడం అంతకు ముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

గ్రాఫిక్స్, తుపాకులు, మేఘాల్లో తేలే కొలంబియా నగరం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేరుగా చివరికి వస్తాను.

1890లో వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం అక్కడి ఆదివాసుల మీద జరిపిన మారణకాండలో బుకర్ డివిట్ పాల్గొన్నాడు. ఆ పాపం కడుక్కోవడానికి బాప్తిస్మం కోసం ఒక నది దగ్గరికి వెళ్తాడు. ఒక ప్రపంచంలో నీళ్లలో మునిగి, లేచి, కొత్త పేరు పెట్టుకుని కామ్‌స్టాక్ అనే ప్రవక్త అవుతాడు. ఇంకో ప్రపంచంలో వద్దని వెనక్కి తిరిగి, తాగుడు, జూదం, అప్పులతో బుకర్‌గానే మిగులుతాడు. అంటే మనం గేమ్ అంతా ఎవరి మీద యుద్ధం చేశామో ఆ మనిషీ, మన చేతిలో తుపాకీ పట్టుకున్న మనిషీ ఒక్కరే. ప్రపంచాల మధ్య చీలికలు తెరిచే యంత్రం పక్కన ఉండి ఉండి కామ్‌స్టాక్‌కి పిల్లలు పుట్టే శక్తి పోతుంది. అందుకని బుకర్ ప్రపంచంలోంచి బుకర్ కూతుర్నే కొంటాడు. అది 1893 అక్టోబర్ 8. పాప పేరు ఆనా. కామ్‌స్టాక్ దగ్గర ఆ పాపే ఎలిజబెత్‌గా పెరుగుతుంది. చివరి క్షణంలో బుకర్ మనసు మార్చుకుని పాపని లాక్కోబోతే చీలిక మూసుకుపోయి ఆమె చిటికెన వేలి కొస తెగుతుంది. వేలు ఒక ప్రపంచంలో, మనిషి ఇంకో ప్రపంచంలో. ఎలిజబెత్‌కి చీలికలు తెరిచే శక్తి అక్కడి నుంచే వచ్చిందని గేమ్ సూచిస్తుంది.

ఇక్కడి దాకా ఒకసారి ఆడితే చాలామందికి అర్థమవుతుంది. చివర్లో ఎలిజబెత్ బుకర్‌ని మళ్లీ అదే నది దగ్గరికి తీసుకెళ్తుంది. వేర్వేరు ప్రపంచాల ఎలిజబెత్‌లు చుట్టూ చేరి, కామ్‌స్టాక్ అనేవాడే పుట్టకుండా అతన్ని నీళ్లలో ముంచేస్తారు. అతనూ ఒప్పుకునే మునుగుతాడు. ఆ తర్వాత వాళ్లు ఒక్కొక్కరే మాయమవుతారు. చివరి ఒక్కరూ మాయమయ్యారో లేదో మనం చూడకముందే తెర నల్లబడుతుంది.

నాకు గేమ్ అక్కడితోనే అయిపోయింది. ఎలాగంటే, అది 2013 వేసవి. మాది మల్కాజ్‌గిరి. మొదటి ఉద్యోగం జీతంలో దాచుకున్న డబ్బుతో సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్న పీసీ, డాబా మీద ఒంటి గదిలో పెట్టుకున్నాను. ఆ వేసవి కరెంటు కోతలు మామూలువి కావు. అర్ధరాత్రి దాటాక ముగింపు వచ్చింది. తెర నల్లబడి పేర్లు రావడం మొదలైంది. కళ్లు తుడుచుకుంటూ అలాగే కూర్చున్నాను. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంటుంటే పీసీ ఆపేసి, ఉక్కపోత భరించలేక బయటికొచ్చి డాబా మీద చాప పరుచుకుని పడుకున్నాను. నిద్ర ఎక్కడిది. తండ్రిని తన చేతులతో ముంచిందంటే, తను కూడా ఉండదని తెలిసే ముంచింది కదా అని తెల్లారేదాకా అదే ఆలోచన.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు నాకు తెలిసిన ముగింపు అదే. కామ్‌స్టాక్ లేడు, బుకర్ లేడు, ఎలిజబెత్‌లు ఎవరూ లేరు. ఒక తప్పు వేరుతో సహా పోవాలంటే ఆ తప్పు వల్ల పుట్టినవాళ్లు కూడా పోవాలి. ఘోరంగా ఉంది, కానీ న్యాయంగానే అనిపించింది. ఆఫీసులో ఎవరైనా ఈ గేమ్ ఎలా ఉందని అడిగితే, ఇంత ధైర్యంగా అన్నీ తుడిచేసిన ముగింపు ఇంకోటి లేదని చెప్పేదాన్ని.

దసరాకి దిల్‌సుఖ్‌నగర్‌లో బాబాయి వాళ్లింటికి వెళ్లాం. బాబాయి కొడుకు, నాకంటే పెద్దవాడు, అప్పుడే ఆ గేమ్ చివరికొచ్చి ఉన్నాడు. పక్కన కూర్చుని చూశాను. ముంచడం అయింది, ఎలిజబెత్‌లు మాయమయ్యారు, పేర్లు మొదలయ్యాయి. నేను లేవబోతే "ఏందే, గప్పుడే లేస్తున్నవ్? ఇంక అయిపోలే, కూర్చో" అన్నాడు. పేర్లు ఎంతకీ అవ్వవు. అయ్యాక ఒక గది. బుకర్ తన ఆఫీసులో లేస్తాడు. తేదీ 1893 అక్టోబర్ 8. పక్క గదిలోంచి ఉయ్యాల దగ్గరి సంగీతం వినిపిస్తుంటే ఆనా అని పిలుస్తూ తలుపు తీసి అటు నడుస్తాడు. ఉయ్యాల్లో ఏముందో చూపించకుండానే తెర మళ్లీ నల్లబడుతుంది.

నేను నెలల తరబడి మోసిన ముగింపు మీద ఇంకో ముగింపు వచ్చి పడింది. ముందు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, పాప ఉంది అనుకున్నాను. రెండు నిమిషాలు కాకముందే లోపల ఏదో మెలిపెట్టినట్టయింది.

అన్నయ్య చెప్పిన లెక్క ఇది. చీలిన చోటు బాప్తిస్మం. ముంచింది ఆ బాప్తిస్మానికి ఒప్పుకున్న బుకర్‌ని. కాబట్టి కామ్‌స్టాక్ దారి ఒక్కటే మూసుకుపోయింది. వద్దన్న బుకర్ మిగిలాడు. కొనడానికి కామ్‌స్టాక్ లేడు కాబట్టి పాపని ఎవరూ కొనరు. కాబట్టి ఉయ్యాల్లో పాప ఉంది. ఇందులో నాకు తప్పు కనపడలేదు, ఇప్పటికీ నేను నమ్మే లెక్క ఇదే. ఎంచుకోక ముందే ముంచారు కాబట్టి ఇద్దరు బుకర్లూ పోయారనేవాళ్లు ఉన్నారు. అలా అయితే పేర్ల తర్వాతి దృశ్యం ఎందుకు పెట్టారో వాళ్లు చెప్పలేరు.

"ఇంకేంది, బిడ్డ దొరికింది గదా, మంచిగనే అయింది" అన్నాడు.

"పాప దొరికింది అన్నయ్యా, ఎలిజబెత్ ఏదీ?" అన్నాను.

"ఆ పాపే గదనే ఎలిజబెత్?"

కాదు. ఆ పాప ఆనా. ఆమె వేలు తెగదు, ఆమెను టవర్‌లో బంధించరు, ఆమెకి కాపలాగా సాంగ్‌బర్డ్ అనే రాక్షస పక్షి ఉండదు. కిటికీలోంచి ప్యారిస్ కలలు కనదు. పుస్తకాలు చదివి తాళాలు తీయడం నేర్చుకోదు. తిరుగుబాటు నాయకురాలు డెయిజీ ఫిట్జ్‌రాయ్‌ని చంపాక వణికిపోతూ జుట్టు కత్తిరించుకోదు. ఇవన్నీ చేసిన మనిషి, గేమ్ అంతా నా పక్కన నడిచి, నాకు మందుగుండు విసిరిన మనిషి, ఎక్కడా లేదు. అన్నయ్య అప్పుడు అన్న మాట ఇంకా గుర్తుంది. "గవన్నీ లేకపోతే మంచిదే గదా?" అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. ఆ బాధలు లేకపోవడం మంచిదే. ఆ బాధలు పడ్డ మనిషే లేకుండా పోవడం మంచిదని నేను అనలేను. ఆ రెండూ ఒకటని గేమ్ కూడా అనలేదు. అనుంటే ఆ ఎలిజబెత్‌లను అంత నిదానంగా, ఒక్కొక్కరిని మనకి చూపిస్తూ మాయం చేయాల్సిన పనిలేదు.

తర్వాత మళ్లీ ఆడినప్పుడు దొరికిందే నాకు ఈ గేమ్‌లో అన్నిటికంటే విలువైన వివరం. మొదట్లో, ఆ చీలికల యంత్రం చేసిన శాస్త్రవేత్తలు ల్యూటెస్ జంట ఎలిజబెత్ మెడకి రెండు బ్రోచ్‌లు చూపించి ఒకటి మనల్ని ఎంచమంటారు. ఒకదాని మీద పక్షి, ఇంకోదాని మీద పంజరం. నేను ప్రతిసారీ పక్షే ఇచ్చాను. అది ఆమె మెడలో ఉండిపోతుంది. చివరి నది దృశ్యంలో బుకర్ ఎదురుగా ఉన్న ఎలిజబెత్ మెడ చూడండి. బోసిగా ఉంటుంది. బ్రోచ్ లేదు. బుకర్ కూడా తడబడి, నువ్వు ఆమెవి కాదు, ఎవరు నువ్వు అన్నట్టుగా అడుగుతాడు. మొదటిసారి ఆ మాట నాకు హడావిడిలో వినపడలేదు. మన ఎలిజబెత్ కాదు ముంచింది. మనతో వచ్చిన అమ్మాయి ఏ తలుపు దగ్గర పక్కకి తప్పుకుందో గేమ్ చెప్పదు. ఆ చోటు నాకోసమే ఖాళీగా వదిలినట్టు అనిపిస్తుంది. అక్కడ నేను ఏం నింపుకుంటానంటే, తండ్రి మీద చెయ్యి వేయలేక ఆమె ఆగిపోయిందని, ఆ పని ఇంకో ప్రపంచపు ఎలిజబెత్ తీసుకుందని. దీనికి రుజువు లేదు. నాకు అది కావాలి, అంతే.

నీళ్ల సంగతి కూడా రెండోసారి ఆడితేనే తెలుస్తుంది. కొలంబియాలో అడుగు పెట్టగానే ఒక గుడ్డి బోధకుడు బుకర్‌ని బాప్తిస్మం పేరుతో ఊపిరాడకుండా ముంచుతాడు. చివర్లో బుకర్ కామ్‌స్టాక్‌ని తీర్థపు తొట్టిలోనే చంపుతాడు. ఆ తర్వాత నది. ముగింపు ఏమిటో మొదటి గంటలోనే చూపించేశారు. అలాగే ల్యూటెస్‌ల నాణెం. ఎగరేస్తే బొమ్మ పడుతుంది, వాళ్ల మెడలో పలక మీద గీతలన్నీ బొమ్మ వైపే. బుకర్‌ని వాళ్లు ఇంతకు ముందు ఎన్నిసార్లు తెచ్చారో ఆ గీతలే చెప్తాయి. ఎన్ని రూట్లు మార్చినా బస్సు కోఠీకే చేరినట్టు, ఏం ఎంచుకున్నా నది దగ్గరికే చేరతాం.

ఈ సంగతిని నేను చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. మన ఎంపికలకి విలువ లేదన్నదే కదా కథ అని. ఇన్నేళ్లకి ఆ ఉత్సాహం కొంచెం తగ్గింది. మూడోసారి, నాలుగోసారి ఆడేటప్పుడు ఆ ఎంపికలు కథకి అవసరమయ్యాయా, లేక ఇంకో ముగింపు పెట్టే ఓపిక లేక అలా వదిలేశారా అనే అనుమానం వస్తుంది. మధ్యలో వోక్స్ పాపులై అనే దళం తిరుగుబాటు భాగం ఇంకా ఇబ్బంది పెడుతుంది. తొక్కబడ్డ జనం నాయకురాలు ఫిట్జ్‌రాయ్‌నీ, తొక్కిన కామ్‌స్టాక్‌నీ ఒకే తూకం వేయడం నాకు మొదట్లో లోతుగా అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

సమాంతర విశ్వాల శాస్త్రం కోసం ఆడేవాళ్లకి ఒక మాట. ప్రపంచం ఎన్నో కొమ్మలుగా విడిపోతూ ఉంటుందని 1957లో హ్యూ ఎవరెట్ చెప్పిన ఊహని తర్వాత పదిమందిలోకి తెచ్చిన భౌతిక శాస్త్రవేత్త బ్రైస్ డివిట్. మన బుకర్ ఇంటిపేరు కూడా అదే. కానీ ఎవరెట్ లెక్కలో విడిపోయిన కొమ్మలు మళ్లీ కలవవు. ఒక కొమ్మలోకి వెళ్లి ఇంకో కొమ్మని నరకడం కుదరదు. గేమ్‌లో మాత్రం జరిగేది ఆ నరకడమే. వేలు తెగకపోతే ఎలిజబెత్‌కి శక్తి లేదు, శక్తి లేకపోతే నది దగ్గరికి తీసుకొచ్చేది ఎవరు అన్న ప్రశ్నకి శాస్త్రంలో జవాబు వెతకొద్దు. ల్యూటెస్‌లలాగే, టవర్‌లో తన శక్తిని తొక్కిపట్టిన యంత్రం కూలాక ఎలిజబెత్ కూడా అన్ని ప్రపంచాలకీ బయట నిలబడిందని ఒప్పుకుంటే ఆ మటుకు కథ నిలబడుతుంది.

ఈ గేమ్‌కి అనుబంధంగా ఆ తర్వాత వచ్చిన బరియల్ ఎట్ సీ రెండు భాగాలూ ఆడాను. మొదటిది 2013 నవంబర్‌లో, రెండోది 2014 మార్చిలో వచ్చాయి. అందులో ఎలిజబెత్ బతికే ఉందని తెలిసి ఎంత సంతోషించానో. కానీ మొదటి బయోషాక్‌లోని సముద్రం అడుగు నగరం ర్యాప్చర్‌లో దాక్కున్న ఇంకో కామ్‌స్టాక్ కనపడతాడు. అందరినీ తుడిచేశామని కదా నది దగ్గర అంత పని చేసింది? పైగా ఆ కథ చివర ఎలిజబెత్‌ని చంపేస్తారు. నేను ఇన్నాళ్లూ ఆమె కోసం ఖాళీగా ఉంచుకున్న చోటుని వాళ్లు వచ్చి చావుతో నింపారు. ఆ కోపం నాకు పోలేదు. ర్యాప్చర్ మళ్లీ చూడాలనుకునేవాళ్లు ఆడుకోండి. నాకు మాత్రం అసలు గేమ్ దగ్గరే కథ ఆగింది.

కొనాలా వద్దా అంటే, ఒక్కసారి ఆడి వదిలేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పలేను. కాల్పులు సాగదీతగా ఉంటాయి, మనకి నచ్చిన చోట సేవ్ చేసుకునే వీలు లేదు, ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు ఆడేవాళ్లకి అది చికాకే. రెండోసారి ఆడే తీరిక ఉంటే తీసుకోండి, సేల్‌లో తక్కువకే దొరుకుతుంది, పాత పీసీలో కూడా ఆడుతుంది. ఇంకోటి, నాకు ఈ ముగింపు ఇంతగా పట్టడానికి సగం కారణం కొన్ని నెలలు దాన్ని సగమే చూసి ఉండటం కావచ్చు. ఉయ్యాల దృశ్యం వెంటనే చూసినవాళ్లకి ఎలిజబెత్ లేని లోటు తెలిసే వ్యవధే దొరకదేమో. అన్నయ్యకి దొరకలేదు. ఇప్పటికీ పండక్కి కలిస్తే, ఆ పాపే ఎలిజబెత్ అంటాడు.