ఎల్లీ ఆమెలింగ్ పాడిన షూబర్ట్ సీడీ

చాలాకాలంగా వెతుకుతున్న సీడీ, ఆస్ట్రియా సంగీతకర్త షూబర్ట్ పాటలది, పోయిన వారం సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. డబ్బా మూత పగిలిపోయి వచ్చింది, డిస్క్ మీద మాత్రం ఒక్క గీత లేదు. అంతే చాలు.

ఎల్లీ ఆమెలింగ్ 1933లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో పుట్టిన సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిలో పాడే గాయని. అంత గొంతున్నవాళ్లు సాధారణంగా ఒపెరాకి, అంటే పాటలతోనే నడిచే నాటకాలకి వెళ్తారు. ఈవిడ వెళ్లలేదనే చెప్పాలి. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సంగీతకర్త మొజార్ట్ రాసిన ఒపెరాలో ఇలియా పాత్ర పాడారు కానీ, ఆవిడ అసలు చోటు కచేరీ వేదిక. జర్మన్ సంగీతకర్త బాఖ్ రాసిన భక్తి సంగీతం, లేదంటే పక్కన ఒక్క పియానో, చిన్న చిన్న పాటలు.

ఎందుకలా ఎంచుకున్నారో ఈ సీడీ వింటే తెలుస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే రోజుల్లో మా టీచర్‌గారు "సాహిత్యం మింగకమ్మా" అనేవారు. ఆమెలింగ్ ఒక్క అక్షరం మింగరు. జర్మన్ రాని నాకు కూడా ఏ మాట ఎక్కడ అయిపోయిందో వినపడుతోంది.

నేను దీన్ని కొన్నది కొండ మీద గొర్రెల కాపరి పాట కోసం. పన్నెండు నిమిషాలు ఉంటుంది. షూబర్ట్ 1828 అక్టోబరులో రాశాడు, నవంబరు 19న చనిపోయాడు. అప్పటికి 31 ఏళ్లే. గొంతు, పియానోలతో పాటు క్లారినెట్ కూడా ఉంటుంది. పెళ్లి బ్యాండులో విన్న క్లారినెట్ ఇంత మెత్తగా పలుకుతుందని నేను అనుకోలేదు. హాన్స్ డైన్జర్ ఊదుతుంటే లోయ అవతల నుంచి ఎవరో బదులిస్తున్నట్టే ఉంది. మధ్యలో దుఃఖం వస్తుంది. అక్కడ ఆవిడ గొంతు పెంచరు, సన్నగా లాగి నిలబెడతారు. వంటింట్లోంచి అమ్మ వచ్చి, "ఎవరైనా పోయారా ఆవిడకి?" అని అడిగింది. కాపరి ఒంటరివాడమ్మా అని చెప్పాను. ఆ తర్వాత వసంతం వస్తుందన్న మాట దగ్గర గొంతూ క్లారినెట్టూ కలిసి పరుగు తీస్తాయి. అమ్మ చివరిదాకా నిలబడే వింది.

పియానో వాయించింది యోర్గ్ డేముస్. షూబర్ట్ కాలం నాటి రకం పియానో అది, నాదం త్వరగా ఆగిపోతుంది, గొంతుని ముంచెయ్యదు. ఇయర్‌ఫోన్స్‌లో పై స్వరాలు కాస్త పలచగా అనిపించాయి. స్పీకర్లో పెట్టి, సౌండ్ తగ్గించి వినండి. హాలు దద్దరిల్లే గొంతు కావాలనుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. పాట నేర్చుకుంటున్న పిల్లలుంటే మాత్రం వాళ్లకి తప్పకుండా వినిపించండి, ముఖ్యంగా ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో గమనించమనండి.