నెల్లూరు నుంచి నేటాల్‌కి, మరోసారి

దక్షిణాఫ్రికాకి మిషన్ ట్రిప్ అనగానే మా కావలిలో అందరూ మొదట అడిగేది, "సింహాలు చూశారా?" అని. చూడలేదు. మేం వెళ్ళేది డర్బన్‌కి, దానికి ఉత్తరాన చెరకు తోటల మధ్య ఉండే స్టాంగర్‌కి. అక్కడ మనవాళ్ళున్నారు. మనవాళ్ళంటే నిన్నమొన్న కంప్యూటర్ ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు కాదు. కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళ మునిమనవలు.

ఆ ఓడల్లో మొదటిది, ట్రూరో, 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ రవాణా ఆగేలోపు 1,52,000 మందికి పైగా మన దేశం నుంచి నేటాల్‌కి, అంటే డర్బన్ ఉన్న ఆ ప్రాంతానికి, వెళ్ళారు. వాళ్ళలో నెల్లూరు బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలూ కొన్ని ఉన్నాయి. తమకో బోధకుణ్ణి పంపమని నెల్లూరుకి కబురు పెట్టారు. 1903లో జాన్ రంగయ్య గారు కుటుంబంతో సహా వెళ్ళారు. ఆ ఏడాదే స్టాంగర్ దగ్గర కియర్స్‌నీ తేయాకు ఎస్టేట్‌లో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరు వచ్చి మిషన్ పెట్టిన సంగతి మాకు సండే స్కూల్లోనే కంఠస్థం చేయించారు. అదే నెల్లూరు నుంచి మనవాడు ఒకాయన సముద్రం దాటి మిషనరీగా వెళ్ళాడని మాత్రం నాకు డర్బన్‌లో అక్కడివాళ్ళు చెబితేనే తెలిసింది.

పోయినసారి వెళ్ళినప్పుడు, వీడ్కోలు రోజున అక్కడి సంఘస్తులు మా చేతుల్లో పెట్టిన జిరాక్సు కాగితాలే మళ్ళీ వెళ్ళడానికి అసలు కారణం. అవి వాళ్ళ పూర్వీకులు ఎక్కిన ఓడల పట్టీల నకళ్ళు. కూలి నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ అందులో ఉంటాయి. డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ యూనివర్సిటీలో గాంధీ-లూథులీ డాక్యుమెంటేషన్ సెంటర్ అని ఒకటుంది. ఈ పట్టీల కోసం చాలామంది అక్కడికే వెళ్తారు. "ఈ ఊరు ఇంకా ఉందా? ఉంటే ఫొటో తీసి పంపుతారా?" అని అడిగారు. ఫొటోలు వాట్సాప్‌లో పంపడం క్షణం పని. మా పాస్టర్ గారు మాత్రం, "కాదమ్మా, ఊళ్ళు చూసొచ్చి ఆ ఇళ్ళలో కూర్చుని చెబుదాం" అన్నారు.

కాబట్టి ఈ యాత్రలో మొదటి మజిలీ కందుకూరు. కారు మాట్లాడుకుని నేనూ, పాస్టర్ గారూ, మా అన్న కొడుకూ బయల్దేరాం. ఒక కాగితంలో జిల్లా నెల్లూరు, తాలూకా ఒంగోలు అని ఉంది. "అత్తా, ఇది తప్పు. ఒంగోలు ప్రకాశంలో కదా" అన్నాడు మావాడు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కందుకూరు సంగతి ఇంకా తమాషా. నెల్లూరు నుంచి ప్రకాశానికి వెళ్ళి, 2022లో మళ్ళీ నెల్లూరులోకే వచ్చింది. ఓడెక్కిన పెద్దాయన ఆ ఏడాది తిరిగొచ్చి ఉంటే మధ్యలో ఏం జరిగిందో కూడా ఆయనకి తెలిసేది కాదు.

ఊళ్ళ పేర్లు పోల్చుకోవడమే పెద్ద టెన్షన్. గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. ఒకదాంట్లో తాలూకా కందుకూరు, ఊరు 'జాకీచెల్లా'. ఉలవపాడులో హైవే పక్క మామిడిపళ్ళ బడ్డీ దగ్గర ఒక పెద్దాయనకి చదివి వినిపిస్తే, పండ్లు తూకం వేస్తూనే "చాకిచర్లేలే" అన్నాడు. వెళ్ళాం. ఆ కుటుంబం పేరు విన్నవాళ్ళు ఎవరూ లేరు, ఉంటారనీ అనుకోలేదు. బావి, రచ్చచెట్టు, చర్చి, సముద్రం వైపు వెళ్ళే దారి వీడియో తీశాం. ఒక ముసలామె అంతా విని, "ఇప్పుడు వాళ్ళకి అక్కడ పొలాలున్నాయా?" అని మాత్రం అడిగింది. బెజవాడ-మద్రాసు రైలు దారి కలిసింది 1899లో. అంతకుముందు ఈ తీరం వాళ్ళకి మద్రాసు వెళ్ళాలంటే బకింగ్‌హామ్ కాలువ పడవలే పెద్ద ఆధారం. ఆ కాలువ గట్టు కూడా వీడియోలో పెట్టాం. ఇప్పుడక్కడ తుమ్మచెట్లే ఎక్కువ.

కందుకూరులో ఒక రాత్రికైతే లాడ్జి చాలు. గదులు శుభ్రం, నీళ్ళు ధారాళం, దోమలు మాత్రం ఎక్కువ. కనిగిరి వైపు వెళ్ళేవాళ్ళు తాగునీళ్ళు వెంట పెట్టుకోండి, అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సమస్య ఎప్పటినుంచో ఉంది.

ఇక వీసా. మేం దరఖాస్తు చెన్నైలోని వీఎఫ్ఎస్ సెంటర్లో ఇచ్చాం. అక్కడి సంఘం నుంచి ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు ఉండాలి. పిల్లల్ని తీసుకెళ్తే బర్త్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. "వారంలో చేతికొస్తుంది" అన్నాడు మేం పట్టుకున్న ఏజెంటు. నెల దాటింది. టికెట్ల తేదీ మార్చుకోవడానికి అయిన ఖర్చు మా మీదే పడింది. నా సలహా అడిగితే, వీసా ముద్ర కళ్ళతో చూశాకే టికెట్ కొనండి, కాస్త ఖరీదైనా సరే.

చెన్నై నుంచి దుబాయ్ మీదుగా వెళ్తే మేలు. ఆఫ్రికా నగరాల మీదుగా టికెట్ చవగ్గా దొరుకుతుంది గానీ, ఎల్లో ఫీవర్ ఉన్న దేశంలో ఎక్కువ గంటలు ఆగితే టీకా సర్టిఫికెట్ చూపించమంటారు. కింగ్ షాకా విమానాశ్రయం డర్బన్ ఊరికి ఉత్తరాన ఉంది, అంటే స్టాంగర్ వెళ్ళేవాళ్ళు డర్బన్‌లోకి దిగనే అక్కర్లేదు. చాకిచర్ల మట్టి తెమ్మని ఒకావిడ అడిగింది. మట్టి, విత్తనాలు, మొక్కలు అక్కడ దిగనివ్వరు కాబట్టి ఆ కోరిక తీర్చలేదు.

ఉండటానికి మూడు రకాల చోట్లు చూశాం. ఒకటి, స్టాంగర్‌లో చర్చి హాలు వెనకున్న రెండు గదులు. అద్దె లేదు, తోచినంత కానుక వేయడమే. వంటిల్లు ఉంది. కానీ జూలై అక్కడ చలికాలం. పగలు మన సంక్రాంతి ఎండలా హాయిగా ఉంటుంది, రాత్రికి నేల చల్లబడిపోతుంది. వేడినీళ్ళు ఇద్దరి స్నానానికి సరిపోతాయి, మూడో మనిషి ఆగాలి. కుర్రాళ్ళకైతే చాలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వద్దు. రెండోది, డర్బన్‌కీ స్టాంగర్‌కీ మధ్య తీరంలో ఉన్న బల్లిటోలో సముద్రం ఎదురుగా గెస్ట్‌హౌస్. పడక, టిఫిను, శుభ్రం అన్నీ నూటికి నూరు. గదికి రోజుకి వెయ్యి రాండ్ల పైనే, అంటే మన డబ్బులో దాదాపు ఐదు వేలు. గోడ మీద కరెంటు తీగ, గేటుకి రిమోటు. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, ఆ తర్వాత కారు లేకుండా కదలలేం. సముద్రం చూడటానికే వచ్చినవాళ్ళకి బాగుంటుంది, మాకు మాత్రం కాలు కట్టేసినట్టే అనిపించింది.

మూడోది డర్బన్ శివార్లలోని చాట్స్‌వర్త్‌లో సంఘస్తుల ఇల్లు. నా ఓటు దీనికే, ఏ అనుమానమూ లేకుండా.

చాట్స్‌వర్త్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఎవరెక్కడ ఉండాలో జాతిని బట్టి నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం 1950లో వచ్చింది. దాని కింద భారతీయుల్ని పాత వాడల నుంచి తరలించి, 1960ల్లో ఇక్కడ ఇళ్ళు కట్టి ఇచ్చారు. కొండ వాలు మీద ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు. మేం దిగిన ఇంటి ఆంటీకి ఎనభై దాటాయి. ఇల్లు చిన్నది, ముందుగది సోఫా రాత్రికి నా మంచం. పాత గోడల్లో ప్లగ్గులు మన ఏసీకి వాడే పెద్ద మూడు పిన్నులవే, కాబట్టి ఇంటినుంచి ఒక అడాప్టర్ పట్టుకెళ్తే అక్కడ కొనే పని ఉండదు.

ఆంటీ తెలుగు మాట్లాడలేదు. వింటే కొంత తెలుస్తుంది. ఇంట్లో అంతా ఇంగ్లీషే. కానీ ఆవిడ చేపల కూర పొయ్యి మీద పెట్టినప్పుడు వంటింట్లోంచి వచ్చిన వాసనకి మా బృందంలో నెల్లూరు వదిన లేచి నిలబడింది. చింతపండు పులుసు, కరివేపాకు, వంకాయ ముక్కలు. రంగు మాత్రం మన పులుసుకన్నా ఎరుపు, ఎందుకంటే డర్బన్ మసాలాలో మిరప్పొడి ఎక్కువ. "మామిడికాయ ముక్క వేయరా?" అని వదిన అడిగితే, ఆంటీ అదేదో వింత మాట అన్నట్టు చూసి, తర్వాత రోజు మార్కెట్ నుంచి పచ్చిమామిడి తెప్పించింది. ఇద్దరూ కలిసి వండారు. మాటలు సగమే కలిశాయి, వంటకి అవి చాలాయి. ఉడికించిన చేమదుంపల్ని అక్కడివాళ్ళు మడూంబీలంటారు. పొద్దున టీతో అవే పెట్టింది.

భోజనమయ్యాక చాకిచర్ల వీడియో టీవీకి పెట్టాం. అది ఆంటీ వాళ్ళ తాతగారి కాగితంలోని ఊరే. ఆంటీ ఏడుస్తుందేమో అని మా పాస్టర్ గారు ముందే నీళ్ళ గ్లాసు పెట్టుకున్నారు. ఆవిడ ఏడవలేదు. బావి దగ్గర ఆపించి, "ఇంత మంచి ఊరు వదిలి ఎందుకొచ్చాడు ఈ మనిషి?" అని కోప్పడింది. కరువు గురించి చెప్పాం. 1876-78 కరువు మా వైపు పల్లెల్ని ఎలా ఊడ్చేసిందో మా పాస్టర్ గారు పావుగంట వివరించారు. ఆంటీ మొత్తం విని, "అయినా అన్నదమ్ములకి చెప్పకుండా వచ్చి ఉంటాడు" అంది. మనవరాలు పడీపడీ నవ్వింది.

ఆదివారం ఆరాధన తొమ్మిదికే మొదలు. గంటన్నరలో ముగిస్తారు. మా సంఘంలో ఆ సమయానికి ఇంకా ప్రకటనలే అవుతుంటాయి. పాటలు, ప్రసంగం ఇంగ్లీషులో. కీబోర్డు, డ్రమ్స్ బాగా వాయిస్తారు. చివర్లో పెద్దవాళ్ళు ముందుకొచ్చి ఒక పాత తెలుగు కీర్తన పాడారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితం చేతిలో ఉంది గానీ ఎవరూ చూడలేదు. రాగం మన పల్లె రాగమే, మేం ఇప్పుడు మర్చిపోయిన నిదానంతో. మా కుర్రాళ్ళు దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు.

ఇక్కడ నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. అక్కడ సువార్త సభలు పెట్టడానికి మనం అంతదూరం వెళ్ళక్కర్లేదు. వాళ్ళకి చదువుకున్న పాస్టర్లున్నారు, సంఘాలు శతాబ్దం దాటి నడుస్తున్నాయి, పేదలకి భోజనాలు పెట్టే పద్ధతి మనకన్నా పక్కాగా ఉంది. పోయినసారి రోజుకో మీటింగ్ అని పట్టిక వేశారు, ఇళ్ళకి వెళ్ళే తీరికే దొరకలేదు. ఈసారి మీటింగులు సగానికి తగ్గించమని మా పాస్టర్ గారే అడిగారు. పంపే సంఘానికి రిపోర్టులో రాసుకోవడానికి అంకెలు తగ్గాయి, నిజమే. కానీ మంచం పట్టిన పెద్దల దగ్గర కూర్చుని తెలుగులో ప్రార్థన చేస్తే వాళ్ళు చేయి వదల్లేదు. ఈ పని అక్కడి పాస్టర్లు చేయలేరు, వాళ్ళే ఆ మాట అన్నారు.

కియర్స్‌నీ వెళ్ళాలంటే స్టాంగర్ నుంచి లోపలికి, చెరకు మధ్య దారి. ఎస్టేట్ యజమాని హ్యూలెట్ దొర 1877లో ఇక్కడ తేయాకు నాటించాడు. 1911 తర్వాత కూలీల రాక ఆగిపోయింది, తేయాకు క్రమంగా కనుమరుగైంది, చెరకు మిగిలింది. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే కారు ఆపకుండానే దాటిపోతారు. స్టాంగర్‌కి 2006 నుంచి అధికారికంగా క్వాడుకూజా అని పేరు, బోర్డుల మీద అదే ఉంటుంది, జీపీఎస్‌లో అదే కొట్టాలి. అక్కడికి దగ్గర్లోనే గ్రౌట్‌విల్‌లో ఆల్బర్ట్ లూథులీ మ్యూజియం ఉంది. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మొదటి ఆఫ్రికా మనిషి ఆయన. గంట కేటాయించండి.

తిరగడానికి యాప్‌లో టాక్సీ పిలుచుకోవడమే నయం. మినీబస్సు టాక్సీలు చవక, కానీ వాటికి ఆపడానికి చేతి సైగలు వేరు, తెలిసినవాళ్ళు వెంట ఉండాలి. డర్బన్ విక్టోరియా స్ట్రీట్ మార్కెట్లో మసాలాలు కొనాలంటే పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయాలి, ఫోన్ బయట పెట్టుకుని నడవకూడదు. బన్నీ చౌ, అంటే బ్రెడ్డు డొల్ల చేసి అందులో కూర పోసిచ్చేది, అక్కడే తినండి. పావు బ్రెడ్డుదే చాలు. సిమ్ కార్డుకి పాస్‌పోర్టుతో పాటు ఉండే చిరునామా కూడా అడుగుతారు, ఆతిథ్యమిచ్చేవాళ్ళ దగ్గర ముందే రాయించుకోండి. మాలో ఒకరికి జ్వరం వస్తే ప్రైవేటు ఆసుపత్రిలో డిపాజిట్ కట్టాకే లోపలికి తీసుకున్నారు. ఇన్సూరెన్స్ ఉండబట్టి ఆ డబ్బు తర్వాత తిరిగొచ్చింది. నీళ్ళ గురించీ ముందే అడగండి. 2022 ఏప్రిల్ వరదల తర్వాత టోంగాట్ వైపు నెలల తరబడి కొళాయి రాలేదు, అందుకే ఇప్పుడు చాలా ఇళ్ళ పక్కన పెద్ద ట్యాంకులుంటాయి.

డిసెంబరులో మాత్రం వెళ్ళకండి. అక్కడ బడులకీ ఫ్యాక్టరీలకీ సెలవులు, తీరమంతా గదుల రేట్లు పెరుగుతాయి, సంఘస్తులు కూడా ఊళ్ళకి పోతారు. జూన్, జూలై అయితే చలికి ఒక స్వెట్టర్ చాలు. సార్డీన్ చేపలు గుంపులుగా ఆ తీరానికొచ్చే కాలమూ అదే. మిగిలిన కాగితాల్లో పొదిలి, దర్శి తాలూకాల ఊళ్ళు ఉన్నాయి, వాటిలో రెండింటి పేర్లు మాకు ఇంకా అంతుపట్టలేదు. ఆ వైపు పాత ఊళ్ళు తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోవాలని ఉంది.