పాపకి మంచె కట్టించాం, వడ్రంగి పనికి అయిదుకి మూడున్నర

మా పాప గది పదడుగులకి పది. బీరువా, కుట్టు మిషను, మా అత్తగారి ట్రంకు పెట్టె పోగా పిల్ల ఆడుకోవడానికి మిగిలేది చాపంత జాగా. ఆరేళ్ళు నిండాయి కదా, ఇక మంచాన్ని పైకెత్తేసి కింద ఖాళీ చేద్దామనుకున్నాం. లాఫ్ట్ బెడ్ అంటారు దీన్ని, కానీ మా మామగారు బొమ్మ చూడగానే "ఇది మంచె కదమ్మా, జొన్న చేలో పిట్టల్ని తోలడానికి వేసేది" అన్నారు. అప్పట్నుంచీ ఇంట్లో దాని పేరు మంచె.

ముందు రెడీమేడ్ చూశాం. ఐకియా వాళ్ళది కూరా అని ఒకటుంది, పైన్ చెక్కది, ఒక వైపు పెడితే నేలకి దగ్గరగా ఉండే మంచం, తిరగేస్తే ఎత్తు మంచం. ఆలోచన భలే నచ్చింది (పేరు వినగానే మా అత్తగారు "ఏం కూర?" అన్నారు). కానీ తెనాలిలో పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చుకున్న టేకు ద్వారబంధాలు మా బాల్కనీలో మూడేళ్ళుగా దుమ్ముపట్టి పడున్నాయి. వాటితోనే చేయిద్దామని మియాపూర్‌లో ఒక వడ్రంగి మేస్త్రిని పిలిచాం. ఈ రివ్యూ ఆయన పని గురించే.

చెక్క పని విషయంలో వంక పెట్టలేం. కోత పెట్టే ముందు పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్రతి దూలం మీదా నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు, విరిగి లోపలే ఉండిపోయిన మేకుల కోసం. పదకొండు దొరికాయి, ఒక్కటి తగిలినా రంపం పళ్ళు పోతాయన్నాడు. నాలుగు కాళ్ళు మూడంగుళాల మందం, పైన 18 ఎంఎం ప్లైవుడ్, కీళ్ళన్నీ నట్టు బోల్టులే, రేపు ఇల్లు మారితే విప్పి తీసుకుపోవచ్చు. గోడకి కూడా రెండు చోట్ల బిగించాడు, అందుకే ఊగదు. అంతా అయ్యాక తనూ తన దగ్గర పనిచేసే కుర్రాడూ ఇద్దరూ పైకెక్కి గెంతారు. చప్పుడు లేదు. అక్కడ మాత్రం దండం పెట్టాను.

తేడా ఎక్కడొచ్చిందంటే, పిట్టగోడ దగ్గర. అంటే పిల్ల పడకుండా చుట్టూ పెట్టే కమ్మీలు. ఎనిమిదంగుళాలు పెట్టమన్నాం, ఆయన ఎనిమిదే పెట్టాడు, కానీ ప్లైవుడ్ నుంచి కొలిచాడు. దాని మీద ఆరంగుళాల పరుపు వేస్తే మిగిలింది రెండంగుళాలు! అమెరికాలో ఇలాంటి ఎత్తు మంచాలకి నిబంధన ఉంది, కమ్మీ పరుపు పైనుంచి కనీసం 5 అంగుళాలు ఉండాలి, సందులు మూడున్నర అంగుళాలు దాటకూడదు, పిల్లల ఒళ్ళు అందులోంచి జారిపోయి తల ఇరుక్కుంటుందని. ఆరేళ్ళ లోపు వాళ్ళని పైన పడుకోబెట్టొద్దని కూడా చెబుతారు. ఇది మేం ముందే చదివి ఆయనకి చెప్పాం, "మాకు తెల్వదా మేడమ్" అన్నాడు. చివరికి స్పాంజి పరుపు తీసేసి మూడంగుళాల దూది పరుపు కుట్టించాం, కమ్మీ మీద ఇంకో నాలుగంగుళాల పట్టీ వేయించాం. ఇప్పుడు పరుపు పైన తొమ్మిది. మీరు చేయించుకుంటే పరుపు ముందు కొని, మేస్త్రి ముందు పెట్టి కొలిపించండి.

ఇంకో సంగతి, ఫ్యాను. మేం చూసిన విదేశీ వీడియోల్లో దీని గురించి ఎవరూ చెప్పలేదు. మా ఫ్యాను రెక్కలు నేల నుంచి ఎనిమిదిన్నర అడుగుల్లో తిరుగుతాయి. మంచె పలక నాలుగడుగుల పైన, మా పాప మూడు ముప్పావు, చెయ్యెత్తితే ఇంక లెక్క మీరే వేసుకోండి. ఫ్యాను పూర్తిగా తీసేసి, చెయ్యి అందనంత దూరంగా ఎదుటి గోడకి వాల్ ఫ్యాను పెట్టించాం.

నిచ్చెన మొదట నిటారుగా, గుండ్రటి ఇనప గొట్టాలతో చేశాడు. పాప రెండు మెట్లెక్కి "కాళ్ళు నొప్పి" అని దిగిపోయింది. మళ్ళీ వెడల్పు చెక్క మెట్లతో, కాస్త వాలుగా చేయించాం. గడప చెక్క మిగిలింది కదా అని దాన్నే మెట్టు చేయబోతే అత్తగారు ఒప్పుకోలేదు, పసుపు రాసిన చెక్కని రోజూ తొక్కుతారా అని. అది తలవైపు కమ్మీ అయింది. పాలిష్ వేశాక కూడా ఒక మూల పసుపు చార కనిపిస్తుంది, చెరపొద్దని నేనే చెప్పాను.

అలంకరణ మొత్తం మాదే. మా అమ్మ పాత మంగళగిరి చీర రెండు ముక్కలు చేసి కింద కర్టెన్లు. లోపల బ్యాటరీతో వెలిగే చిన్న లైట్ల దండ, కరెంటు సీరియల్ సెట్టు మాత్రం పెట్టలేదు. కాళ్ళకి బ్లాక్‌బోర్డ్ పెయింటు వేశాం, సుద్దముక్క పట్టుకుని అక్కడే గీసుకుంటుంది. గోడలు బతికిపోయాయి.

ఖర్చు: కూలీ 14,000, ప్లైవుడ్, బోల్టులూ అవీ 11,500, పాలిష్ 3,500. చెక్క మాదే. అయిదు రోజులన్న పని పదహారు రోజులు పట్టింది, మధ్యలో శ్రావణమాసం పెళ్ళిళ్ళట. పాలిష్ వాసన పోవడానికి ఇంకో పది రోజులు, అప్పటిదాకా పాప మా దగ్గరే. దుప్పటి మార్చాలంటే నేను పైకెక్కి మోకాళ్ళ మీద పాకాలి, అది వారం వారం వ్యాయామం. మాది పై అంతస్తు, ఏప్రిల్లో అక్కడ సెగ తట్టుకోలేక కిందే చాప వేసుకుని పడుకుంది.

ఇంకా రెండు బోల్టులకి ప్లాస్టిక్ మూతలు రావాలి. రేపొచ్చి వేస్తానన్నాడు, ఆ మాటన్నది దీపావళికి. ప్రస్తుతానికి వాటి మీద పాప బొట్టుబిళ్ళలు అంటించింది.