బ్లూటూత్ ఓబీడీ స్కానర్: నాకు పనికొచ్చింది అందులోని ఒక్క అంకె

ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌ల రూపంలో దాచుకునే ఏర్పాటు. ఆ కోడ్‌లను, ఇంజిను అంకెలను బ్లూటూత్ ద్వారా ఫోనులోని ఆప్‌లో చూపించేదే ఈ స్కానర్. స్టీరింగ్ కింద తగిలించే ఈ చిన్న పరికరాన్ని చాలామంది చెక్ ఇంజిన్ లైటు ఆర్పుకోవడానికి కొంటారు. నేను దాన్ని ఇంతకాలం జాగ్రత్తగా ఉంచుకున్నది మాత్రం ఫోనులో ఎక్కడో కింది వరుసలో కనిపించే ఒక్క అంకె కోసం. దాని పేరు కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజి. ఇంజినును నడిపే కంప్యూటర్‌కు ఆ క్షణంలో ఎంత వోల్టేజి అందుతోందో అది చెబుతుంది. రెండు వర్క్‌షాపులు, కొత్త బ్యాటరీ, బ్యాటరీని చార్జ్ చేసే కొత్త ఆల్టర్నేటరు, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే కొత్త ఇగ్నిషన్ కాయిళ్లు తేల్చలేని సంగతిని ఆ అంకె తేల్చిపెట్టింది. చిప్పు పేరు, పిన్నుల లెక్క ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

నేను కావలిలో ఉంటాను. రొయ్యల గుంటల్లో నీళ్లు, రొయ్యలు పరీక్షించి రైతులకు సలహా చెప్పడం నా పని. కారు పెట్రోలుది, 2015లో కొన్నది. అల్లూరు, విడవలూరు, జువ్వలదిన్నె వైపు గట్ల మీద తిరగడమే దాని బతుకు. గుంట పక్కన ఆపితే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చిమ్మే ఉప్పు తుంపర నేరుగా బానెట్ మీదికి వస్తుంది. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఇబ్బంది ఒక ఎండాకాలంలో మొదలైంది. హైవే మీద పరుగు తీసేటప్పుడు ఏమీ ఉండేది కాదు. ముసునూరు టోల్‌గేటు దగ్గర వరుసలో ఆగినప్పుడు, ఏసీ నడుస్తూ రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలుపెట్టగానే ఇంజిను వణికేది. రాత్రిపూట హెడ్‌లైట్లు కూడా వేసి ఉంటే ఒక్కోసారి ఆగిపోయేది. తాళం తిప్పితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

మొదటి వర్క్‌షాపులో పి0300 అనే కోడ్ వచ్చింది. సిలిండర్లలో అక్కడక్కడా మిస్‌ఫైర్ అవుతోందని, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని దాని అర్థం. ప్లగ్గులు మార్చారు, కాయిళ్లు మార్చారు, ఇంజినులోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు. పది వేలు దాటింది. తర్వాత కొన్ని వారాలు బండి బాగానే ఉంది. అప్పటికి వానలు పడి, చల్లబడి, ఏసీ వాడకం తగ్గింది. కాయిళ్లదే దోషమని అందరం నమ్మాం. మళ్లీ ఎండలు కాయగానే మళ్లీ వణుకు. ఈసారి తప్పు పెట్రోలు మీదికి పోయింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత బళ్లకు అది పడదన్నారు. ట్యాంకు ఖాళీ చేయించి వేరే బంకులో పోయించినా తేడా రాలేదు.

మరోసారి చూస్తే పి0562 వచ్చింది. వోల్టేజి తక్కువగా ఉందని ఆ కోడ్ అర్థం. అంతే. ఎందుకు తక్కువైందో అందులో లేదు. కోడ్ కనబడగానే బ్యాటరీ మార్చారు, అయినా తగ్గకపోతే ఆల్టర్నేటరు మార్చారు. ఆ రెంటికీ కలిపి ఇరవై వేలకు పైగా అయింది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ ఖర్చు కాదు. వచ్చిన ప్రతిసారీ కోడ్‌ను చెరిపేసి పంపించారు. కోడ్ చెరిపితే దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు జరిగిన క్షణంలో బండి వేగం ఎంత, ఇంజిను ఎంత వేడిగా ఉంది, దాని మీద ఎంత భారం ఉంది అనే వివరాలన్నీ కంప్యూటర్ దాచిపెట్టేది అందులోనే. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ రాసుకోకుండా తుడిచేసి, ఆ తర్వాత ఊహతో భాగాలు మార్చారు.

నెల్లూరు ఆటోనగర్‌లో చూపించిన రెండో చోట కొంత నయం. మీటరు తీసి బ్యాటరీ మీద పెట్టారు. 14.2 వోల్టులు. చార్జింగ్ బ్రహ్మాండంగా ఉందన్నారు. బ్యాటరీ మైనస్‌ను బాడీకి కలిపే ఎర్త్ వైరుకు కూడా మీటరు పెట్టి, తెగలేదని చెప్పే బీప్ వినిపించారు. "బ్యాటరీ బాగుంది, ఎర్త్ బాగుంది, అయినా కంప్యూటర్ వోల్టేజి తక్కువంటోంది. అంటే కంప్యూటరే పోయింది సార్" అన్నారు. కొత్తదానికి 38 వేలు. ఆలోచించి చెబుతానని వచ్చేసి, ఆ వారమే వెయ్యి రూపాయల లోపు ఈ స్కానర్ తెప్పించుకున్నాను.

ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూశాను. వేగం సున్నా, ఇంజిను బాగా వేడెక్కి ఉంది, ఇంజిను తిరిగే వేగం (ఆర్‌పీఎం) ఐడిల్ దగ్గర, అంటే ఆక్సిలరేటరు తొక్కనప్పుడు ఉండేంత. ఆగి ఉన్నప్పుడు, ఫ్యాను తిరిగేటప్పుడే ఇది జరుగుతోందని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. బండి కూడా అదే మాట చెబుతోంది. తర్వాత ఇంటి ముందు ఇంజిను ఆన్ చేసి పెట్టి, కంట్రోల్ మాడ్యూల్ వోల్టేజి వరుస తెరిచి కూర్చున్నాను. ఏమీ వేయకపోతే 13.9. హెడ్‌లైట్లు వేస్తే 13.1. ఏసీ వేసి బ్లోయరు నాలుగులో పెట్టి, ఫ్యాను తిరిగాక 11.6. ఫ్యాను మొదలయ్యే క్షణంలో ఒకసారి 10.4 కూడా కనబడింది. అదే సమయంలో మా అబ్బాయి బానెట్ ఎత్తి బ్యాటరీ మీద మీటరు పెట్టి చదువుతున్నాడు: 14.2, కదలకుండా.

ఆ రెండు అంకెలు రెండూ నిజమే. బ్యాటరీ దగ్గర ఉన్నది కంప్యూటర్ దాకా చేరడం లేదు. 2.6 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

మా వీధి చివర బ్యాటరీలు, డైనమోలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు ఫోనులో ఆ అంకెలు చూపిస్తే చాలా ఆసక్తిగా చూశారు. "ప్లస్ వైపు అందరూ చూస్తారు నాయనా, ఎర్త్‌కు బీప్ వస్తే సరే అనుకుంటారు. లోడ్ ఎక్కితే కదా దాని సంగతి తెలిసేది" అన్నారు. బండిని స్టార్ట్ చేయడానికి వాడే మందపాటి కేబులు తెచ్చి, ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొసను బాడీ మీద పెయింటు లేని బోల్టుకు తగిలించారు. వణుకు అక్కడికక్కడే ఆగిపోయింది. ఫోనులో అంకె 11.6 నుంచి 13.9కి ఎక్కింది. కేబులు తీస్తే మళ్లీ పడిపోయింది. మళ్లీ పెట్టి చూశారు. అంతకుమించిన రుజువు నేను అడగలేదు.

బ్యాటరీ మైనస్ నుంచి రెండు వైర్లు పోతాయి. లావుది గేర్‌బాక్సుకు, అది బాగుంది కాబట్టే స్టార్టరు ఎప్పుడూ మొరాయించలేదు. సన్నది బాడీకి. ఫ్యాను, లైట్లు, బ్లోయరు, కంప్యూటరు వాడుకున్న కరెంటంతా తిరిగి రావలసింది ఆ సన్న దారినే. అది హెడ్‌లైటు కింద, చక్రం విసిరే నీళ్లు తగిలే చోట ఉంది. పైన నల్లటి తొడుగు చెక్కుచెదరలేదు. బోల్టు దగ్గర మాత్రం కొంచెం ఉబ్బినట్టు ఉంది. పెద్దాయన బ్లేడుతో కోయగానే ఆకుపచ్చటి పొడి చేతిలో రాలింది. రాగి అంతా చిలుము పట్టిపోయి, మిగిలిన కొన్ని పోగులు వేలితో వంచితే విరిగాయి. ఆ నాలుగు పోగులు ఉన్నా మీటరులో బీప్ వస్తుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. నలభై ఆంపియర్లు పోవాల్సి వచ్చినప్పుడు 0.065 ఓమ్ అడ్డు ఉన్నా 2.6 వోల్టులు హరించుకుపోతాయి. బాగున్న ఎర్త్ మీద ఆ నష్టం 0.2 వోల్టులు మించకూడదు.

కొత్త ఎర్త్ వైరు, బోల్టు దగ్గర గీకి పైన గ్రీజు పూయడం, కూలీ, అన్నీ కలిపి ఐదు వందలు దాటలేదు. ఆ తర్వాత టోల్‌గేటు దగ్గర బండి వణకలేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు చెప్పాలి. తప్పు వైర్లలో ఉందనే దాకానే స్కానర్ నన్ను తీసుకెళ్లింది. ఏ వైరో పట్టుకున్నది పెద్దాయన అనుభవం. అంకెలు మారడం కూడా నెమ్మది, కాబట్టి క్షణంలో పడి లేచే వోల్టేజి ప్రతిసారీ కంటబడదు. నాకు 10.4 కనబడటంలో కొంత అదృష్టం ఉంది. ఆప్‌లో అడాప్టర్ వోల్టేజి అని ఇంకో వరుస ఉంటుంది. అది స్కానర్ సొంతంగా కొలిచేది, నా దాంట్లో అర వోల్టు తేడా చూపిస్తుంది. దాన్ని నమ్మి బ్యాటరీ మార్చకండి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ కోడ్‌లు ఇది చదవలేదు. బండికే తగిలించి వదిలేస్తే ఇంజిను ఆపినా కరెంటు తాగుతూనే ఉంటుంది. పండగకు ఊరెళ్లి వచ్చేసరికి నా కొత్త బ్యాటరీ నీరసించిపోయింది. అప్పటి నుంచి పని కాగానే తీసి డాష్‌బోర్డు అరలో పెడుతున్నాను. నిరుడు మళ్లీ ఐడిల్‌లో అదురు వస్తే ఎన్ని వరుసలు చూసినా అన్నీ మామూలుగానే ఉన్నాయి. చివరికి అది ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చిరగడం వల్ల అని తేలింది. అలాంటివి కంప్యూటర్‌కు తెలియవు, కాబట్టి స్కానర్‌కూ తెలియవు.

కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి వేరు. ఉప్పుగాలిలో తిరిగే పాత పెట్రోలు బండి, వారంటీ ఎప్పుడో అయిపోయింది, దగ్గర్లో నమ్మకమైన ఎలక్ట్రీషియన్ ఉన్నారు. వారంటీలో ఉన్న బండి అయితే షోరూము వాళ్ల చేతే చూపించుకోండి. 2013 ఏప్రిల్‌కు ముందు తయారైన కారు అయితే ఓబీడీ-2 ఉందో లేదో చూసుకున్నాకే కొనండి. కొన్నా కొనకపోయినా, వర్క్‌షాపులో కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఫోనులో ఫోటో తీయమని అడగండి. నేను ఇప్పుడు ప్రతి సర్వీసుకూ ముందు ఏసీ, లైట్లు వేసి ఆ అంకె, బ్యాటరీ మీద అంకె రెండూ కాగితం మీద రాసుకుని, ఆ కాగితం మెకానిక్ చేతిలో పెట్టి బండి ఇస్తున్నాను.