మినివెట్ల కోసం అనంతగిరిలో మూడు రోజులు

ముందే చెప్పేస్తున్నా, ఇది వికారాబాద్ అనంతగిరి కాదు, వైజాగ్ నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీదుండే అనంతగిరి. లీవ్ అడిగితే మా మేనేజర్ కూడా అలాగే పొరబడి, గంటన్నర దూరానికి నాలుగు రోజులెందుకయ్యా అన్నాడు.

వెళ్ళింది మినివెట్లనే పిట్టల కోసం. మా కాలనీ వేపచెట్టు మీద చిన్న మినివెట్ అప్పుడప్పుడూ వస్తుంది, బూడిదరంగు వీపు, నారింజరంగు రొమ్ము, పిచ్చుకంత ఒళ్ళు, పొడుగు తోక. దాని పెద్ద చుట్టం స్కార్లెట్ మినివెట్‌కి మాత్రం గట్టి అడవి, ఎత్తు చెట్లు కావాలి, అందుకే తూర్పు కనుమలు ఎక్కాలి. ఈ జాతి మొత్తం పురుగులు తినే బాపతే, పెరిక్రోకోటస్ అంటారు సైన్సులో. మనకి వీటిలోనే తెల్లపొట్టది కూడా ఒకటుంది, అది దక్కన్ ముళ్ళపొదల్లో తిరిగే రకం, కొండ మీద దాన్ని వెతక్కండి.

తోడుగా మా బావ వచ్చాడు. ఆయనకి పిట్టలతో పనిలేదు, బొంగులో చికెన్ అంటే బయల్దేరాడు.

వైజాగ్ నుంచి పొద్దున్నే కిరండూల్ ట్రైన్‌లో విస్టాడోమ్ ఎక్కాం. అద్దాల పెట్టె, 50కి పైగా సొరంగాలు, ప్రతి సొరంగంలో పిల్లల అరుపులు, ఒకసారి ఎక్కాల్సిందే, కానీ పిట్టల కోసం అయితే దండగ, ఏసీ పెట్టెలోంచి కూత వినపడదు, కనపడింది ఏంటో తేల్చుకునేలోపు ఇంకో సొరంగం వచ్చేస్తుంది. తిరుగు ప్రయాణం కారులో చేశాం, దారిలో టైడా అనే ఊరి దగ్గర ఓ గంట ఆగాం, ఆ గంటే ట్రైన్ మొత్తం కంటే నయం అనిపించింది.

మొదటి రాత్రి అరకులో ఒక రిసార్ట్ తీసుకున్నాం, పేరు వద్దులెండి. రూమ్ బానే ఉంది, దుప్పట్లు శుభ్రం, కానీ రాత్రి పన్నెండింటి దాకా క్యాంప్‌ఫైర్, డీజే. పొద్దున ఐదున్నరకి వేడినీళ్ళు అడిగితే ఏడు దాటాక అన్నారు, టీ కూడా అంతే, టిఫిన్ ఎనిమిదిన్నరకి. పిట్టల కోసం వచ్చినవాడికి ఎనిమిదిన్నర అంటే సగం రోజు అయిపోయినట్టే. పైగా టౌన్ చుట్టూ పొలాలు, యూకలిప్టస్‌లు, అక్కడ మైనాలు తప్ప ఏముంటాయి చెప్పండి. బుక్ చేసేముందు నేను చూడాల్సింది ఫొటోల్లో రూమ్ కాదు, రూమ్ వెనకాల చెట్లు. ఆ తప్పు నాదే.

రెండో రోజు అనంతగిరి వైపు కాఫీ తోటల పక్కన ఓ ఇంట్లో దిగాం. రెండు గదులు, సిగ్నల్ లేదు, బాత్రూమ్ బయట, అరకు రూమ్‌కి పెట్టిన దానిలో సగం డబ్బులు. కానీ ఇంటావిడ రాత్రే ఫ్లాస్కులో టీ పోసి గుమ్మం దగ్గర పెట్టేసింది, "పొద్దున్నే ఎల్తారు కదా బాబూ, నన్ను లేపక్కర్లేదు" అని. నా లెక్కలో ఈ ట్రిప్ మొత్తంలో బెస్ట్ సర్వీస్ అదే.

ఇక అసలు సంగతి. తెల్లారగానే పరిగెత్తి లాభం లేదు, ఏడున్నర దాకా మంచు, కంట్లో పొడుచుకున్నా ఏమీ కనపడదు. ఎండ చెట్ల నెత్తిన పడి పురుగులు కదలడం మొదలైతేనే ఇవి దిగుతాయి, దిగుతాయంటే నేల మీదకి కాదు, నెత్తి మీదకే, మెడ పట్టేస్తుంది. ముందు స్వీ స్వీ అని సన్నటి కూత, తర్వాత పనసచెట్టు కొసన ఒక పసుపు పిట్ట, వెనకే ఇంకోటి, ఇంకోటి, అప్పుడు ఎర్రది. బావ ఇవి రెండు రకాలు కదా అన్నాడు. కాదు బావా, పసుపు, బూడిదరంగువి ఆడవి, ఎరుపు, నలుపువి మగవి. ఎక్కువగా గుంపుగా తిరుగుతాయి, బెంగాలీలో వీటిని సహేలీ, అంటే స్నేహితురాలు, అంటారు అని చెప్తే, మరి మగాడిని కూడా సహేలీ అనే అంటారా అని నవ్వాడు.

మగదాని రెక్క చూడండి అవకాశం దొరికితే. నల్లరెక్క మీద పెద్ద ఎర్రపట్టీ, దానికి అంటకుండా లోపలివైపు విడిగా ఇంకో ఎర్రచుక్క, కుంకుమ వేలు జారి పడ్డట్టు. బైనాక్యులర్‌లో ఆ చుక్క కనపడ్డాక నేను ఫొటో సంగతే మర్చిపోయా. ఆకుల ముందు ఒక్క క్షణం గాల్లో ఆగి, గొంగళిపురుగుని లాగి, కొమ్మకేసి రెండుసార్లు కొట్టి మింగేసింది. అదే గుంపు వెంట తోకకి రెండు పొడుగు ఈకలు వేలాడే డ్రోంగో కూడా తిరుగుతోంది, ఇవి లేపిన పురుగులు దానికి ఉచిత భోజనం.

నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్‌ల మీద కంటే పాత పనస, నేరేడు చెట్ల మీదే నాకు ఎక్కువ కనపడ్డాయి. అరకు కాఫీకి 2019లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది, మంచిదే, ఆ పాత చెట్లు కొట్టకుండా ఉంటే ఇంకా మంచిది. ఈ కొండల పిట్టల గురించి ఏళ్ళ తరబడి పనిచేసిన వైజాగ్ మనిషి కృష్ణరాజు గారి పేరు ఇక్కడి అబాట్స్ బాబ్లర్ అనే పిట్ట ఉపజాతికి 1985లో పెట్టారు. దాన్ని చూద్దామని వాగు పక్కన రెండు గంటలు కూర్చున్నా, జలగ దొరికింది.

బొర్రా గుహలు బానే ఉంటాయి, తెరిచే టైంకే వెళ్ళండి. కటికి జలపాతం జీపు బేరం దగ్గరే మా ఓపిక అయిపోయి మానేశాం. బొంగులో చికెన్ రోడ్డు పక్కన రెండుచోట్ల తిన్నాం, మొదటిచోట ఉప్పు ఎక్కువ, రెండోచోట బావ మాట్లాడటం ఆపేశాడు.

చివరిరోజు టైడాలో నేను బైనాక్యులర్ బ్యాగ్‌లో పెట్టేశాక కారు పక్కనే, మనిషెత్తు కొమ్మ మీద మగది వాలింది. బావ ఫోన్‌తో కొట్టాడు. ఫొటో నిండా ఆకులు, మధ్యలో ఎర్రటి చుక్క ఒకటి. వాళ్ళ ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే వాళ్ళమ్మ గారు అడిగారు, మందారం ఏ నర్సరీలో కొన్నావురా అని.